ఏడు శనివారాల గడువు

వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నవాళ్ళు మొదటి వారం నుంచి ఏడో వారం దాకా లెక్కేస్తే 42 రోజులు, సరిగ్గా ఆరు వారాలు. థైరాయిడ్ మాత్ర కొత్తగా మొదలుపెట్టినవాళ్ళని ‘మళ్ళీ టీఎస్‌హెచ్ చేయించుకుని రండి’ అని డాక్టరు పంపించేది కూడా ఆరు నుంచి ఎనిమిది వారాల గడువు పెట్టే. కాకతాళీయమే అనుకోండి. కానీ మూడో శనివారానికే ‘స్వామి ఏం చేశాడు?’ అని నిలదీసేవాళ్ళు ఆ క్యూలో కనిపించరు. మూడో వారానికే ‘ఈ మాత్ర నాకు పడట్లేదండి’ అని సీసా మార్చేసేవాళ్ళు మాత్రం ఊరూరా ఉన్నారు.

ఈ మాత్ర ఎంతమంది ఇళ్ళలో ఉందో చెప్పడానికి మనకున్న పెద్ద లెక్క 2013లో వచ్చింది. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్ళ రక్తం పరీక్షిస్తే దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. వాళ్ళలో మూడోవంతు మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. సముద్రపు ఒడ్డు నగరాల్లో కాస్త తక్కువ, లోపలి నగరాల్లో కాస్త ఎక్కువ. ఇది పట్టణాల లెక్క, కోనసీమ పల్లెకి తెచ్చి అతికించకూడదు. అయినా రావులపాలెంలోనో కొత్తపేటలోనో మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడండి. బీపీ, షుగరు బిళ్ళల తర్వాత అడిగేది ఈ చిన్న సీసానే, అడిగేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ.

‘మనం అయోడిన్ ఉప్పే కదా వాడేది, మరి థైరాయిడ్ ఎందుకొచ్చింది?’ అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అయోడిన్ లోపంతో గొంతు దగ్గర కాయ వాయడం ఒకప్పుడు మన దేశంలో, ముఖ్యంగా హిమాలయాల వెంట, పెద్ద బెడద. దాన్ని ఉప్పుతో అరికట్టవచ్చని హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956 నుంచి ఏళ్ళతరబడి పరీక్షించి నిరూపించిన బృందానికి పెద్ద మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదువుకున్న వులిమిరి రామలింగస్వామి. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం వెనక ఆ పని ఉంది. అయితే ఇప్పుడు పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించేది వేరే జబ్బు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్ గ్రంథి మీద పడి, ఏళ్ళు పట్టి దాన్ని పాడుచేస్తుంది. 1912లో దీన్ని వర్ణించిన జపాన్ వైద్యుడు హషిమోటో పేరే దీనికి పెట్టారు. దీనికి ఉప్పు ఎక్కువ వేసుకుంటే ఒరిగేదేమీ లేదు, మితిమీరిన అయోడిన్ కొందరికి చేటు కూడా. గ్రంథి చేయలేని పనిని బయటినుంచి మాత్ర చేయాలి, అంతే.

ఆ మాత్ర కథ గొర్రెల దగ్గర మొదలైంది. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రీ అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక రోగికి సూదిమందుగా ఎక్కించాడు. అప్పటిదాకా మందు లేని జబ్బు అది. ఆవిడ ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది. 1914 డిసెంబరు 25న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండల్ అసలు హార్మోనును పలుకులుగా విడదీశాడు. తర్వాత దాదాపు మూడు టన్నుల పంది గ్రంథుల్ని కరిగిస్తే అతని చేతికొచ్చింది 33 గ్రాములు. 1927లో హారింగ్టన్, బార్జర్ ప్రయోగశాలలోనే దాన్ని తయారుచేశారు. ఇవాళ మనం మింగే లీవోథైరాక్సిన్ ఆ వరసలోదే. కాబట్టి ‘ఇంగ్లీషు మందు, వేడి చేస్తుంది’ అని భయపడేవాళ్ళు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇది ఒంటికి పరాయి పదార్థం కాదు. గ్రంథి బాగున్నప్పుడు రోజూ తయారుచేసుకున్న టీ-4, అంటే థైరాక్సిన్, అచ్చంగా ఇదే.

అంత మనదే అయితే వెంటనే ఎందుకు పనిచేయదు? టీ-4 రక్తంలో చాలా నెమ్మదిగా అరుగుతుంది. ఇవాళ వేసుకున్నదానిలో సగం వారం తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. రోజూ 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టారనుకోండి. ఆ డోసుతో చేరాల్సిన మట్టంలో మొదటి వారం చివరికి సగం చేరతారు, రెండో వారానికి ముప్పాతిక, మూడో వారానికి 87 శాతం, ఐదో వారానికి 97. ఇది రక్తంలో మందు సంగతి. మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి ఉంది. ‘థైరాయిడూ, పని చెయ్యి’ అని టీఎస్‌హెచ్ పంపేది అదే. నెలల తరబడి గట్టిగా అరిచి అలవాటుపడిన ఆ గ్రంథి మందు చేరిందని తెలుసుకుని గొంతు తగ్గించడానికి ఇంకొంత సమయం తీసుకుంటుంది. రెండు వారాలకే పరీక్ష చేయించి, ‘ఇంకా ఎక్కువే ఉంది’ అని డోసు పెంచితే, ఆరో వారానికి అసలు అక్కర్లేనంత మందు ఒంట్లో పోగుపడుతుంది. కొత్తలో గుండె దడ, చేతుల వణుకు అని వచ్చేవాళ్ళ కథ అడిగితే, కొందరిది ఇదే తొందర.

ఎంతతో మొదలుపెట్టాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవాళ్ళకి కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాములన్నది వాడుకలో ఉన్న లెక్క. అరవై కిలోల మనిషికి వందకి దగ్గర. వయసులో ఉండి, గుండె గట్టిగా ఉన్నవాళ్ళకి దాదాపు ఆ డోసుతోనే మొదలుపెట్టవచ్చు. అరవై దాటినవాళ్ళకీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళకీ 12.5 లేదా 25తో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కిస్తారు. నెమ్మదిగా నడవడం అలవాటైన గుండెని ఒక్కసారి పరిగెత్తించకూడదు. అందుకే ‘మా వదినకి వంద రాశారు, నాకు ఇరవై ఐదే రాశారేంటి, ఈ డాక్టరుకి తెలీదు’ అన్న పోలిక పనికిరాదు.

ఇక ఒంట్లో ఏ మార్పు ఎప్పుడొస్తుంది? రెండు మూడు వారాలకి నీరసం, చలి, మలబద్ధకం కాస్త సడలడం చాలామంది గమనిస్తారు. ముఖం వాపు, కళ్ళ కింద ఉబ్బు తగ్గుతాయి. చర్మం, గొంతు బొంగురు, జుట్టు వీటికి నెలలు కావాలి. జుట్టు సంగతి ప్రత్యేకం. మాత్ర మొదలుపెట్టిన కొత్తలో కొందరికి ఊడడం ఇంకాస్త ఎక్కువవుతుంది. నిద్రపోయిన కుదుళ్ళు మేలుకుని పాత వెంట్రుకని వదిలేస్తాయి. దువ్వెన చూసి బెంబేలెత్తి మాత్ర ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

బరువు విషయంలో మాత్రం డాక్టర్లు మొహమాటం లేకుండా మొదటిరోజే చెప్పాలని నా అభిప్రాయం. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు చాలామందికి కొద్ది కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. మాత్రతో తగ్గేదీ అదే. మిగతా బరువుకి కారణం వేరే చోట ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకుల మీద నెపం వేయడం నాకిష్టం లేదు గానీ, నెయ్యీ బెల్లమూ థైరాయిడ్ ఖాతాలో పడవు. సన్నబడడానికి డోసు పెంచమని అడిగేవాళ్ళుంటారు. అదనపు హార్మోను కొవ్వుతో పాటు కండనీ ఎముకనీ తింటుంది, గుండె లయ తప్పిస్తుంది.

మాత్ర ఎలా వేసుకోవాలన్నదే ఈ మొత్తం వ్యవహారంలో రోగి చేతిలో ఉన్న ముఖ్యమైన భాగం. ఎన్నో ఇళ్ళలో తెల్లవారుజామున జరిగేది ఇది: లేవగానే పొయ్యి మీద పాలు పెడతారు, మాత్ర నోట్లో వేసుకుని మంచినీళ్ళకి బదులు అదే చేత్తో కాఫీ గ్లాసు అందుకుంటారు. ఇటలీ పరిశోధకులు 2008లో చూపించిందేమిటంటే, కాఫీతో కలిపి మింగితే ఈ మందు పేగులోంచి రక్తంలోకి ఎక్కడం తగ్గుతుంది. పరగడుపున మంచినీళ్ళతో మింగి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీకైనా టిఫినుకైనా అదే నియమం. సోయా కూడా దీనికి అడ్డమే. కాల్షియం, ఐరన్ మాత్రలు ఇంకా గట్టి అడ్డంకి, వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులకి ఐరన్, కాల్షియం చేతికిచ్చి ‘రోజూ వేసుకోమ్మా’ అంటారు. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే మూడూ ఒకే గుక్కలో లోపలికి పోతాయి. తర్వాత టీఎస్‌హెచ్ పెరిగిందని డోసు పెంచుతారు. నిజానికి పెంచాల్సింది మాత్రల మధ్య దూరం.

గ్యాస్ బిళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఊళ్ళలో పాంటాప్రజోల్ అంటే దాదాపు దినుసుల జాబితాలో వస్తువు. కడుపులో ఆమ్లం తగ్గితే థైరాక్సిన్ కరగడం మందగిస్తుంది. ఏళ్ళతరబడి అది వాడుతూ థైరాయిడ్ అదుపులోకి రావడం లేదనేవాళ్ళు, ముందు ఆ బిళ్ళ అవసరమా అని డాక్టర్ని అడగాలి.

శనివారం ఉపవాసం ఉండేవాళ్ళు ఆ పూట మాత్ర కూడా మానేస్తారు. ‘ఏమీ ముట్టుకోకూడదు కదండీ, ఆయ్’ అంటారు. వైద్యం వైపు నుంచి చూస్తే ఈ మాత్రకి ఉపవాసం కంటే అనువైన రోజు లేదు. ఖాళీ కడుపు, మంచినీళ్ళు, అంతే కావాలి. అయినా ఒకరోజు పోతే కొంపలేమీ మునగవు, సగం మందు వారం దాకా నిలిచే ఉంటుంది కాబట్టి. గుర్తొచ్చినప్పుడు ఆ రోజే వేసుకోవచ్చు. కానీ శనివారం శనివారం మానేస్తే ఏడింట ఒక వంతు డోసు తగ్గినట్టే. పరీక్ష కాగితం మీద ఆ తేడా కనబడుతుంది, డాక్టరుకి మాత్రం కారణం కనబడదు.

పొద్దున్న కుదరదనేవాళ్ళకి రాత్రి దారి ఉంది. నెదర్లాండ్స్‌లో 2010లో వచ్చిన ఒక పరీక్షలో పొద్దున్న బదులు పడుకునే ముందు వేసుకున్నవాళ్ళకి హార్మోను మట్టం కాస్త మెరుగ్గా వచ్చింది. షరతు ఒక్కటే, రాత్రి భోజనమై మూడు గంటలు గడవాలి. ఎనిమిదికి తిని పదకొండుకి పడుకునేవాళ్ళకి సరిపోతుంది. సీరియల్ అయ్యాక అన్నం తిని అట్నుంచటే మంచమెక్కేవాళ్ళకి కాదు. పొద్దున్నా రాత్రా అన్నది రెండో మాట, రోజూ ఒకేలా వేసుకోవడం మొదటి మాట.

తిండి భయాలు చాలా ప్రచారంలో ఉన్నాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, కర్రపెండలం మానేయమంటారు. పచ్చిగా, గంపలకొద్దీ తింటే, అదీ అయోడిన్ లేని చోట, వాటితో గ్రంథికి ఇబ్బంది. ఉడికించి కూర వండుకునే ఇంట్లో, అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, అప్పటికే మాత్ర మీద ఉన్న మనిషికి ఆ భయం అక్కర్లేదు.

ఇక సీసా. చాలా కంపెనీలు ఈ మాత్రల్ని రేకు మీద కాకుండా మూతున్న సీసాలో వందో నూటిరవయ్యో పెట్టి అమ్ముతాయి. వెలుతురూ వేడీ తేమా దీనికి పడవు. గోదావరి పక్క ఊళ్ళలో వానాకాలం గోడలే చెమర్చుతాయి. అలాంటి చోట వారం రోజుల గళ్ళ డబ్బాలో పోసి వంటగట్టు మీద, పొయ్యి పక్కన పెట్టుకుంటే, మాత్ర అలాగే కనబడుతుంది గానీ సత్తువ తగ్గుతూ పోతుంది. ఇది అనుమానం కాదు. మాత్రల్లో మందు నిలకడగా ఉండడం లేదనే అమెరికా ఔషధ సంస్థ 1997లో ఈ పాత మందుకి మళ్ళీ కొత్తగా అనుమతి తెచ్చుకోమని కంపెనీలన్నిటికీ చెప్పింది. సీసా బీరువాలో, మూత బిగించి ఉంచాలి.

సీసా మీద పేరు మారితే? థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్ ఇవన్నీ ఒకే మందుకి వేర్వేరు కంపెనీల పేర్లు. ‘అది స్టాకు లేదమ్మా, ఇదీ అదే, తీసుకెళ్ళండి’ అనే షాపతను అబద్ధం చెప్పడం లేదు. పూర్తి నిజమూ చెప్పడం లేదు. ఈ ప్రశ్న మీద రెండు దేశాలు అట్టుడికిపోయాయి. న్యూజీలాండ్‌లో 2007లో ఎల్ట్రాక్సిన్ తయారీ ఫార్ములా మారింది, అసలు మందు మారలేదు. అంతకుముందు 30 ఏళ్ళలో 14 ఫిర్యాదులు వచ్చిన మందుకి ఆ తర్వాత 18 నెలల్లో 1,400 దాకా వచ్చాయి. పత్రికల్లో, టీవీలో గోల పెరిగినచోట ఫిర్యాదులూ పెరిగాయని పరిశోధకులు చూపించారు. పదేళ్ళకి, 2017లో, ఫ్రాన్స్‌లో అదే కథ. లీవోథైరాక్స్ మాత్రలో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ ఆమ్లం పెట్టారు. దాదాపు 30 లక్షల మంది వాడే మందు అది. వేల ఫిర్యాదులు, సంతకాల ఉద్యమాలు, కోర్టు కేసులు. చివరికి ప్రభుత్వం పాత ఫార్ములాని తిరిగి తెప్పించింది.

అంతా భ్రమే అని కొట్టేయడం తేలిక. నేను అంత దూరం వెళ్ళను. కొత్త మాత్ర పాతదానికి సమానమని తేల్చే పరీక్ష మనుషుల సగటుని చూస్తుంది. సగటున సమానమైనది ఒక్కొక్కరికీ సమానమని హామీ ఇవ్వదు. ఫ్రాన్స్ కంపెనీ లెక్కల్నే మళ్ళీ విప్పిచూసిన పరిశోధకులు 2019లో వేసిన ప్రశ్న అదే. ఈ మందులో డోసుకీ డోసుకీ మధ్య తేడా మైక్రోగ్రాముల్లో ఉంటుంది కాబట్టి, చిన్న తేడా కూడా కొందరికి తగలవచ్చు. చేయాల్సింది మాత్రం సులువే. వీలైనంతవరకు ఒకే కంపెనీది వాడండి. మార్చక తప్పకపోతే మార్చిన తేదీ రాసుకుని, ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చూడండి. పాత సీసా అయిపోయాక కొత్తది మొదలుపెట్టాలి గానీ రెండూ కలిపేసి వాడితే ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

పరీక్షకి వెళ్ళేరోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మేలు. ఇంకో చిక్కు బయోటిన్‌తో. జుట్టు ఊడుతోందని కొనుక్కునే బిళ్ళల్లో అది పెద్ద మోతాదులో ఉంటుంది. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ని లేనంత తక్కువగా, టీ-4ని లేనంత ఎక్కువగా చూపించి, ‘డోసు ఎక్కువైంది’ అన్న తప్పు మాట పుట్టిస్తుంది. రెండు రోజుల ముందే ఆపేయాలి.

ఇక్కడిదాకా వైద్యుల్లో పెద్దగా తగాదా లేదు. తగాదా ఉన్నచోట్లు రెండు. మొదటిది, అసలు మాత్ర ఎవరికి? టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువై టీ-4 మామూలుగా ఉన్నవాళ్ళు చాలామంది. పైన చెప్పిన ఎనిమిది నగరాల సర్వేలోనే వాళ్ళు 8 శాతం. 65 దాటిన 737 మందికి మాత్రో ఉత్తుత్తి మాత్రో ఇచ్చి ఏడాదిపైన చూసిన ఐరోపా పరీక్ష 2017లో వెలువడింది. నీరసంలో గానీ ఇతర లక్షణాల్లో గానీ రెండు జట్లకీ తేడా లేదు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం ఇలాంటి చాలామంది పెద్దవాళ్ళకి మాత్ర వద్దంది. గర్భం కోరుకునేవాళ్ళనీ, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్ళనీ మినహాయించింది. మన దగ్గర ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో 5.8 వస్తే చాలు, సీసా చేతికొస్తోంది. మూడు నెలలాగి మరోసారి చూస్తే తనంతట తానే తగ్గిపోయేవి కొన్ని ఉంటాయి. ఆ మూడు నెలలు ఆగే ఓపిక రోగికీ లేదు, రాసేవాళ్ళకీ లేదు. మాత్ర మొదలుపెట్టాక ఒంట్లో ఏమీ మారలేదని వాపోయేవాళ్ళలో కొందరికి అసలు మారాల్సింది ఏమీ లేదు.

రెండో తగాదా ఇంకా కష్టమైనది. నిజంగా జబ్బు ఉండి, మాత్ర సరిగ్గా వేసుకుని, టీఎస్‌హెచ్ చక్కగా ఉన్నా, ‘నేను మునుపటి మనిషిని కాదు’ అనేవాళ్ళు నూటికి అయిదు నుంచి పదిమంది ఉంటారు. 1952లో కనుక్కున్న టీ-3 అనే హార్మోనే ఒంట్లో అసలు పనిచేసేది, టీ-4 దానిగా మారుతుంది. ఆ మార్పు అందరిలో ఒకేలా జరగదేమో, టీ-3ని కూడా మాత్రగా ఇస్తే? 1999లో లిథువేనియాలో 33 మంది మీద జరిగిన చిన్న పరీక్ష అవునంది. తర్వాతి పెద్ద పరీక్షలు చాలావరకు తేడా లేదన్నాయి. అయినా కొందరు రోగులు దాన్నే ఇష్టపడటం ఆ పరీక్షల్లోనూ కనబడింది. నా దృష్టిలో ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: రక్తహీనత, బి12, నిద్రలో గురక, దిగులు. అవన్నీ చూశాకా బాధ మిగిలితే, అది కల్పన అనే హక్కు ఎవరికీ లేదు.

రెండు హెచ్చరికలు త్వరగా. ఈ మాత్ర మీద ఉన్న అమ్మాయి గర్భం నిలిచిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోను చేయాలి. మొదటి వారాల్లోనే అవసరం పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెరుగుతుంది, బిడ్డ మెదడుకి అప్పుడు తల్లి హార్మోనే ఆధారం. ‘గర్భంలో మందులు వద్దు’ అని అత్తగారు ఆపించడం ఈ ఒక్క మాత్ర విషయంలో ప్రమాదం. రెండోది, కాన్పులో విపరీతంగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి రాక, నీరసంతో ఉన్న ఆడవాళ్ళలో పిట్యూటరీయే దెబ్బతిని ఉండవచ్చు. వాళ్ళకి టీఎస్‌హెచ్ మామూలుగానే కనబడుతుంది, టీ-4 మాత్రం తక్కువ. కార్టిసాల్ చూడకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది.

చివరగా, పెద్దవయసు. యాభైలో మొదలుపెట్టిన వంద మైక్రోగ్రాముల మాత్రని డెబ్బై అయిదులోనూ అలాగే కొనిపెట్టే కొడుకులూ కోడళ్ళూ ఉన్నారు, ప్రేమతోనే. అప్పటికి మనిషి బరువు తగ్గి ఉంటుంది, మందు అరగడమూ నెమ్మదిస్తుంది, ఉండాల్సిన టీఎస్‌హెచ్ కూడా వయసుతో కాస్త పైకి జరుగుతుంది. అప్పుడు అదే డోసు ఎక్కువై గుండె లయ తప్పుతుంది, తుంటి ఎముక పలచబడుతుంది, రాత్రిళ్ళు నిద్ర పట్టదు. జీవితాంతం మాత్ర అంటే జీవితాంతం అదే డోసు అని కాదు. పాత చీటీ చూపించి సీసా కొనేముందు ఆ చీటీ మీద తేదీ ఎప్పటిదో చూడాలి. ఏడాది దాటితే ముందు రక్తపరీక్ష, తర్వాతే సీసా.